ప్లగ్ తిప్పి చూశారా? కొత్త పగడంతో కూడా వచ్చే పిలవని చుట్టాలు

ఉప్పునీటి అక్వేరియం కోసం జోవా ఫ్రాగ్ (జోవాంతిడ్ అనే పువ్వులాంటి పగడపు చిన్న ముక్క) కొనేటప్పుడు చూపంతా పైన విచ్చుకున్న రంగుల మీదే ఉంటుంది. ఇంటికి తెచ్చుకోకూడనివి మాత్రం కింద ఉంటాయి: ప్లగ్ (ముక్కని అతికించిన సిరామిక్ బిళ్ళ) అడుగున, కాడల సందుల్లో, ఎండి అంచు లేచిన జిగురు కింద. తెచ్చిన వెంటనే ఐదు నిమిషాలు డిప్‌లో (పురుగుల్ని రాల్చే మందు నీళ్ళలో) ముంచేసి "ఇక పర్లేదు" అనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది. డిప్ పని చేసేది ఒంటి మీద పాకే మెత్తటి పురుగు మీద. గుడ్డుకి బంక పొర ఉంది, నత్తకి మూత ఉంది, పీతకి బొరియ ఉంది. వాటిని ఐదు నిమిషాల మందు ఏం చేస్తుంది? అందుకే ఈ పోస్టులో డిప్ గురించి రాసినదానికన్నా పాత ప్లగ్‌ని పారేయడం గురించి, ఆ తర్వాత ఆగాల్సిన 45 రోజుల గురించి ఎక్కువ ఉంటుంది.

ముందు చట్టం సంగతి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, ఆర్గన్ పైప్, ఫైర్ కోరల్, సముద్రపు విసనకర్రలు 2001 నుంచి షెడ్యూల్ 1లో ఉన్నాయి. ఆక్రోపోరా, మోంటిపోరా, యూఫిలియా, గోనియోపోరా ఇవన్నీ రాతి పగడాలే. రామేశ్వరం వైపు నుంచి ఎవరో తెచ్చిన "లైవ్ రాక్" ముక్క చచ్చిన పగడపు రాయే అయినా అదే లెక్కలోకి వస్తుంది. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా జోవాలు, పాలీథోవాలు, మష్రూమ్‌లు, లెదర్లు, జీనియా లాంటి మెత్తటి పగడాల జాతుల గురించే. విదేశీ వీడియోల్లో తెగ కనిపించే ఆక్రోపోరా ఫ్లాట్‌వర్మ్, రెడ్ బగ్, మోంటిపోరా న్యూడిబ్రాంక్ (గుల్ల లేని సముద్రపు నత్త) రాతి పగడాల జబ్బులు. జోవా మీద వాటి కోసం వెతికి కళ్ళు నొప్పెట్టుకోనక్కర్లేదు.

కొట్టులోనే సగం పరీక్ష

చెన్నై కొళత్తూరులో కొన్నా, ముంబై నుంచి పార్సిల్ తెప్పించుకున్నా, ఫ్రాగ్‌ కన్నా ముందు అది ఉన్న తొట్టిని చూడాలి. గాజు మూలలు, ఓవర్‌ఫ్లో పళ్ళు, పంపు వెనక వైపు ఈ మూడు చోట్లా ఆప్టేసియా (కలుపులా పాకే చిన్న సముద్రపు ఎనిమోన్) కనిపిస్తే ఆ తొట్టిలో ప్రతి ప్లగ్ మీదా ఉన్నట్టే లెక్క. తుప్పు రంగులో నువ్వుగింజంత మచ్చలు ఇసుక మీదో గాజు మీదో గుంపుగా ఉంటే అవి ఎర్ర ఫ్లాట్‌వర్మ్‌లు. ఒక ప్లగ్ మీద జోవాలన్నీ విచ్చుకుని, పక్క ప్లగ్ మీద సగం ముడుచుకుని ఉంటే ఆ ముడుచుకున్నదాన్ని తీసి చూపించమనండి. "కొంచెం తిప్పి చూపించండణ్ణా" అని అడిగితే మంచి వ్యాపారి ఏమీ అనుకోడు. విసుక్కునేవాడి దగ్గర కొనకపోతే డబ్బు మిగులుతుంది.

పార్సిల్ అయితే ఈ అవకాశం ఉండదు. దాని బదులు సంచీలో నీళ్ళుంటాయి. ఆ నీళ్ళని తెల్ల పళ్ళెంలోకి వంపి, టార్చి పక్క నుంచి వేసి చూడండి. ప్రయాణంలో ఉప్పు, వేడి, ఆక్సిజన్ మారడంతో పట్టు తప్పిన న్యూడిబ్రాంక్‌లు చాలాసార్లు సంచీ నీళ్ళలోనే తేలుతుంటాయి. ఒక్కటి దొరికినా ఆ ఫ్రాగ్ మీద గుడ్లున్నాయనే అనుకోవాలి. ఆ నీళ్ళు ట్యాంకులోకి ఒక్క చుక్క కూడా పోకూడదు.

సామాను

పెద్ద ఖర్చేమీ లేదు. రెండు లీటర్ల తెల్ల ప్లాస్టిక్ టబ్బులు నాలుగు (తెలుపే ఎందుకంటే రాలినవి కనిపించాలి), మందుల షాపులో దొరికే 50 మి.లీ. సిరంజి, మెత్తటి టూత్‌బ్రష్, సన్న ముక్కు పట్టకారు, కొత్త బ్లేడు లేదా స్కాల్పెల్, ఎముకలు కత్తిరించే కట్టర్, నైట్రైల్ గ్లవ్స్, కళ్ళకి పూర్తిగా మూసుకునే గాగుల్స్. గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి తగిలించుకునే 10 రెట్ల లూప్ ఉంటే ఫోన్ కెమెరా కన్నా బాగా పనికొస్తుంది. చీకట్లో చూడటానికి ఎర్ర కాంతి టార్చి. లేకపోతే మామూలు టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు పొరలు చుట్టినా చాలు.

గ్లవ్స్, గాగుల్స్ అన్నది అలంకారానికి కాదు. పాలీథోవాల్లో, కొన్ని జోవాల్లో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. 1971లో హవాయి పాలీథోవా నుంచి వేరుచేసిన ఈ పదార్థం సహజ విషాల్లో అతి తీవ్రమైనవాటిలో ఒకటి. కోసేటప్పుడు పాలిప్ (పగడంలో పువ్వులా విచ్చుకునే ఒక్కో జీవి)‌ లోపలి రసం పిచికారీలా చిమ్ముతుంది, నేరుగా కంట్లోకే రావచ్చు. చేతి మీద చిన్న గాటున్నా ముట్టుకోకండి. ఇంకొకటి, ప్రాణం మీదకి తెచ్చేది: జోవాలున్న రాయిని మరగబెట్టడం, వేడినీళ్ళు పోయడం, ప్రెషర్ వాషర్‌తో కడగడం, పొడి బ్రష్‌తో గీకడం ఎప్పుడూ చేయొద్దు. ఆవిరిలో, తుంపరలో విషం గాల్లోకి లేచి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. నోట్లో లోహపు చేదు, చలిజ్వరం, ఆయాసం, కండరాల నొప్పులు మొదలైతే వెంటనే ఆస్పత్రికి వెళ్ళి "పాలీటాక్సిన్" అన్న పేరు చెప్పండి. దీనికి విరుగుడు లేదు, లక్షణాలకే వైద్యం. డ్యూటీ డాక్టరు ఈ పేరు వినకపోయి ఉండటం మామూలే, కాగితం మీద రాసివ్వండి.

మందు పెట్టకముందు

సంచీని మూసి ఉంచే 15 నుంచి 20 నిమిషాలు క్వారంటైన్ తొట్టిలో (కొత్తవాటిని 45 రోజులు విడిగా ఉంచేది) తేలనిచ్చి వేడి సమం చేయండి. ఉప్పు సాంద్రత కొలవండి. కొట్టులో 1.022, మీ దగ్గర 1.026 అయితే అరగంట పైగా తొట్టి నీళ్ళని సంచీ నీళ్ళలోకి చుక్కలు చుక్కలుగా కలపాలి. తేడా 0.001 అయితే ఆ తతంగం అక్కర్లేదు.

తర్వాత ఫ్రాగ్‌ని మొదటి టబ్బులో, మందు లేని శుభ్రమైన ఉప్పునీళ్ళలో పెట్టి పది నిమిషాలు ముట్టుకోకుండా చూడండి. ఈ మెట్టు దాదాపు అందరూ దాటేస్తారు, ఎక్కువ దొరికేది ఇక్కడే. జోవా తినే న్యూడిబ్రాంక్ అచ్చం మూసుకున్న పాలిప్‌లా ఉంటుంది. ఏ రంగు జోవా తింటే ఆ రంగు ఒంటి మీద పొడుచుకొచ్చిన వేళ్ళలాంటి రెక్కల్లోకి ఎక్కించుకుంటుంది. పచ్చ జోవా మీద పచ్చగా, నారింజ జోవా మీద నారింజగా. 5 మి.మీ. నుంచి 2 సెం.మీ. దాకా ఉంటుంది. గుర్తు పట్టే ఉపాయం ఒక్కటే: పాలిప్ కదలదు, ఇది పాకుతుంది. సిరంజితో కాడల మొదట్లో నీళ్ళు కొడితే పాలిప్ ఇంకా ముడుచుకుంటుంది, న్యూడిబ్రాంక్ అంచు లేచి గాలిపటం తోకలా ఊగుతుంది.

గుడ్లు ఇంకా ముఖ్యం. జంతికల గొట్టంలోంచి వచ్చిన సన్న చుట్టలా, తెల్లగా లేదా లేత గోధుమ రంగులో, 2 నుంచి 5 మి.మీ. వెడల్పున, కాడ మొదట్లోనో పాలిప్ చాటునో అతుక్కుని ఉంటాయి. లూప్ పెట్టి చూస్తే బంకలో గసగసాల్లా బిందువులు కనిపిస్తాయి. వీటిని డిప్ చంపదు, అందువల్ల బ్లేడుతో గోకి తీయాల్సిందే. 26 డిగ్రీల నీళ్ళలో సుమారు వారం లోపల పొదుగుతాయి. మన ఊళ్ళో ఏప్రిల్, మే నెలల్లో చిల్లర్ లేని తొట్టి 30 దాటుతుంది, అప్పుడు ఇంకా తొందరగా. తర్వాతి డిప్‌ల తేదీలు నిర్ణయించేది ఈ లెక్కే.

గుడ్డు అనుకుని హడలిపోయేవి కూడా కొన్ని ఉన్నాయి. 1 లేదా 2 మి.మీ. తెల్ల సున్నపు చుట్ట గట్టిగా, గోటికి గరుగ్గా తగిలితే అది స్పైరార్బిడ్ పురుగు ఇల్లు, ఏ హానీ చేయదు. గుడ్ల చుట్ట ఎప్పుడూ మెత్తగా ఉంటుంది. సూదితో తాకితే తెలిసిపోతుంది.

ఏ డిప్, ఎంత

కోరల్ ఆర్‌ఎక్స్, రివైవ్ లాంటి సీసా డిప్‌లకి సీసా మీద రాసిందే కొలత. కొలమానం లేకుండా మూతలతో పోయడం, "ఇంకొంచెం వేస్తే ఇంకా బాగా చస్తాయి" అనుకోవడం రెండూ పగడాన్నే చంపుతాయి. మొదటిసారి వాడే మందుకి సీసా మీద చెప్పిన సమయంలో సగం ఇచ్చి, మర్నాడు పగడం ఎలా ఉందో చూసి తర్వాతిసారి పూర్తి సమయం ఇవ్వండి. రెండో టబ్బులో లీటరున్నర నీళ్ళు, అందులో మందు, ప్రతి అర నిమిషానికి సిరంజితో అన్ని సందుల్లోకి గట్టిగా పిచికారీ. డిప్‌లో సగం పని మందుది, సగం ఈ పిచికారీది. ఊరికే ముంచి ఫోన్ చూసుకుంటే రాలేవి రాలవు.

ఇక్కడ మందుల షాపులో దొరికేవాటి సంగతి విడిగా చెప్పాలి. విదేశీ సూచనల్ని మన సీసాలకి ఉన్నదున్నట్టు వాడితే ప్రమాదం.

హైడ్రోజన్ పెరాక్సైడ్: విదేశాలవాళ్ళు చెప్పే లెక్కంతా 3 శాతానికి. మన షాపుల్లో మామూలుగా దొరికేది 20 వాల్యూమ్, అంటే దాదాపు 6 శాతం. ముందు సమానంగా ఆర్‌ఓ నీళ్ళు కలిపి 3 శాతానికి తెచ్చుకుని, ఆ పలచనది ఒక వంతు, తొట్టి నీళ్ళు తొమ్మిది వంతులు, జోవాలకి 5 నిమిషాలు. బ్రయాప్సిస్ అనే పచ్చ పాచి, వెంట్రుక పాచి, కొన్ని పురుగుల మీద బాగా పనిచేస్తుంది. జీనియాని మాత్రం దీని దరిదాపుల్లోకి తేవొద్దు, కరిగిపోతుంది.

అయోడిన్: 5 శాతం లుగోల్స్ అయితే లీటరుకి 10 చుక్కల దాకా, నీళ్ళు పలచటి డికాషన్ రంగుకి రావాలి, 10 నిమిషాలు. ఇది పురుగు మందు కన్నా పుండ్ల మందు. కోసిన చోట కుళ్ళకుండా ఉండటానికి మంచిది. ల్యాబ్ సామాను కొట్లలో గ్రామ్ స్టెయిన్ కోసం అమ్మే అయోడిన్ మూడోవంతు శాతమే ఉంటుంది, దాంతో చుక్కల లెక్క కుదరదు. పోవిడోన్ అయోడిన్ వాడితే సొల్యూషన్ అని ఉన్నదే తీసుకోండి. సర్జికల్ స్క్రబ్ అని ఉన్నదాంట్లో సబ్బు నురగ ఉంటుంది.

మంచినీళ్ళ డిప్: ఆర్‌ఓ నీళ్ళు, తొట్టి నీళ్ళంత వేడి, లీటరుకి చిటికెడు వంటసోడా. జోవాలు, పాలీథోవాలు మాత్రమే ఒకటి రెండు నిమిషాలు తట్టుకుంటాయి. ఫ్లాట్‌వర్మ్‌లు, చిన్న న్యూడిబ్రాంక్‌లు గిలగిలలాడి రాలిపోతాయి. లెదర్లకి, జీనియాకి, మష్రూమ్‌లకి వద్దు.

పంట పురుగుమందు: అమెరికాలో కొందరు తోట పురుగుల మందుని డిప్‌గా వాడతారు. అందులో ఇమిడాక్లోప్రిడ్ ఒక శాతం కన్నా తక్కువ. మన ఎరువుల కొట్లో దొరికేది 17.8 శాతం. అదే మిల్లీలీటర్ల లెక్క ఇక్కడ వేస్తే ఇరవై రెట్ల పైచిలుకు మందు పడుతుంది. కడిగాక మిగిలిన లేశం కూడా మీ రొయ్యల్ని, పీతల్ని, చిన్న మేలు జీవులైన కోపిపాడ్‌లని తుడిచిపెట్టగలదు. మెత్తటి పగడాలకి ఈ సాహసం అనవసరం.

డిప్ అయ్యాక మూడు, నాలుగు టబ్బుల్లో రెండుసార్లు కడగాలి. డిప్ నీళ్ళు మళ్ళీ వాడకూడదు. అయిదు ఫ్రాగ్‌లకి ఒకటే టబ్బు నీళ్ళు వాడితే మొదటిదాని నుంచి సగం చచ్చి రాలిన పురుగు అయిదోదాని మీద ఎక్కి కూర్చుంటుంది.

ఎవరెవరు దొరుకుతారు

సన్‌డయల్ నత్త: నలుపు తెలుపు గళ్ళ అంచుతో, అడుగు చదునుగా, బొంగరంలా చుట్టిన గుల్ల. మెంతిగింజ నుంచి శనగగింజ దాకా పరిమాణం. పగలు ప్లగ్ కింద నిద్ర, రాత్రి జోవా కాడలోకి తొండం గుచ్చి భోజనం. మందు తగలగానే గట్టి మూత వేసుకుని నిమిషాలు కాదు గంటలు ఆగగలదు. పట్టకారుతో తీయడమే. ఒక్కటి దొరికితే ఇంకో రెండున్నాయని వెతకండి.

సముద్రపు సాలీడు: సేమియా ముక్కల్లాంటి సన్నటి ఎనిమిది కాళ్ళు, మధ్యలో ఒళ్ళే లేనట్టుంటుంది. మూసుకున్న పాలిప్ నోటి దగ్గర మడతల్లో ఉంటుంది. జోవాలు కారణం లేకుండా రోజుల తరబడి మూసుకునే ఉంటే దీన్ని అనుమానించాలి. రాత్రి ఎర్ర కాంతిలోనే బాగా కనిపిస్తుంది.

ఎర్ర ఫ్లాట్‌వర్మ్: 3 నుంచి 6 మి.మీ., తోక చివర రెండు నొక్కులు. ఏ డిప్‌కైనా ఇట్టే రాలిపోతుంది, కాబట్టి ఫ్రాగ్ మీద దీన్ని ఆపడం తేలిక. ట్యాంకులోకి పోయాక మాత్రం ఒకటి రెండై, రెండు నాలుగై వేలకి చేరుతుంది. అప్పుడు ఒక్కసారిగా మందు వేసి చంపితే వాటి ఒంట్లో విషం నీళ్ళలోకి దిగి చేపలు పోతాయి. ముందు పైపుతో వీలైనన్ని లాగేసి, మందు వేసి, వెంటనే కొత్త కార్బన్ నడిపి, నీళ్ళు మార్చాలి.

ఇక ఆప్టేసియా. దీనికి కొంచెం ఎక్కువ చోటు ఇవ్వక తప్పదు. పారదర్శకమైన గోధుమ రంగు కాడ, పైన పొడుగాటి సన్నని మీసాలు, నీడ పడితే చాలు రెప్పపాటులో కన్నంలోకి లాక్కుంటుంది. ఇది రక్తబీజుడి వంశం. గోకి తీస్తే అడుగు పాదం నుంచి విడిపోయిన ప్రతి చిన్న తునకా కొత్త ఆప్టేసియా అవుతుంది. అందుకని కొత్త ఫ్రాగ్ మీద దొరికితే దానితో యుద్ధం చేయకండి. ప్లగ్ మీద ఉంటే ప్లగ్ మొత్తం పారేయండి. జోవాల మధ్యలోనే మొలిచి ఉంటే దాని చుట్టూ ఉన్న రెండు మూడు పాలిప్‌లతో సహా కోసి పారేయండి. రెండు పాలిప్‌లు పోతే ఏడవక్కర్లేదు, నెలలో వస్తాయి. ట్యాంకులోకి వెళ్ళినవాటికి మాత్రం స్వచ్ఛమైన కాల్షియం హైడ్రాక్సైడ్‌ని పెరుగులా చిక్కగా కలిపి, పంపులు ఆపి, సూది లేని చిన్న సిరంజితో నోట్లో పెట్టాలి. కిళ్ళీ సున్నం కూడా ఇదే కదా అనిపిస్తుంది, కానీ అందులో ఇంకేం కలిపారో తెలియదు, వాడొద్దు. ఒక పూటకి నాలుగైదు కన్నా ఎక్కువ పెడితే పీహెచ్ ఎగబాకుతుంది. పెప్పర్‌మింట్ రొయ్య తింటుందని కొనేవాళ్ళు ఒకటి చూసుకోండి: అదే పేరు చెప్పి అమ్మే ఒంటె రొయ్యకి వీపు మీద గూను, పెద్ద కళ్ళు, తెల్ల గీతలు స్పష్టంగా ఉంటాయి. అది ఆప్టేసియాని వదిలి మీ జోవాల్నే తింటుంది.

వర్మెటిడ్ నత్త గట్టి సున్నపు గొట్టంలో ఉండి సాలెగూడు లాంటి జిగురు దారాలు వదులుతుంది. దారాలు తగిలిన పాలిప్‌లు మూసుకుంటాయి. గొట్టాన్ని మొదలంటా విరిచి, మిగిలిన కన్నం మీద జిగురు చుక్క వేస్తే సరి. వెంట్రుకలున్న ఒళ్ళు, నల్లటి కొసల డెక్కలు ఉన్న పీత ఏ కన్నంలో ఉన్నా బయటికి రావాల్సిందే. బకెట్లో పెట్టి కన్నంలోకి ప్లెయిన్ సోడా సిరంజితో కొడితే ఊపిరాడక పరుగెత్తుకొస్తుంది. (నిమ్మ సోడా కాదు.) రాత్రి తొట్టిలోంచి చిటికె వేసినట్టు టక్ టక్ వినిపిస్తే పిస్టల్ రొయ్య కావచ్చు, మాంటిస్ రొయ్య కావచ్చు. రెండోదైతే చేపలకి గండం, చేతివేలికీ గండమే.

లెదర్ కొంటే తెల్ల గుల్ల మీద నల్లటి తోలు కప్పుకున్న ఎగ్ కౌరీ కోసం, కాడ మీద తెల్లగా చెట్టుకొమ్మల్లా ఉండే న్యూడిబ్రాంక్ కోసం గొడుగు కింద మడతలు చూడండి. లెదర్ కొత్త చోటికొచ్చాక మైనం పూసినట్టు మెరిసి, వారం దాకా పాలిప్‌లు బయటపెట్టకుండా కుబుసం వదులుతుంది. అది జబ్బు కాదు. కాస్త ఎక్కువ నీటి వేగం ఇస్తే పొర ఊడిపోతుంది.

చంపకూడనివి కూడా చెప్పకపోతే సగమే చెప్పినట్టు. మామూలు బ్రిసిల్‌వర్మ్ పాకీ పని చేసే పురుగు, పగడాన్ని తినదు. కుళ్ళిన పగడం మీద కనిపిస్తే అది శవాన్ని తినడానికి వచ్చింది, చంపడానికి కాదు. యాంఫిపాడ్‌లు, కోపిపాడ్‌లు, స్టొమటెల్లా నత్త, చిన్న బ్రిటిల్ స్టార్ మిత్రులే. ఆస్టెరినా నక్షత్రాల్లో ఎక్కువ భాగం పాచి తింటాయి, కొన్ని జోవాల మీద పడతాయి. పగలు జోవా మీదే పదేపదే కూర్చుంటే తీసేయండి.

పాత ప్లగ్‌కి వీడ్కోలు

అసలు పని ఇది. ప్లగ్‌ని ఉంచుకుని పైపైన డిప్ చేయడం అంటే పరుపులో నల్లులుంచుకుని దుప్పటి ఉతకడం. ప్లగ్ సిరామిక్ కన్నాల్లో పురుగుల గుడ్లు, బ్రయాప్సిస్ వేళ్ళు, వలోనియా అనే పాచి బుడగలు, ఆప్టేసియా తునకలు, అన్నిటికన్నా మించి చేపల తెల్లమచ్చ జబ్బు క్రిప్టోకారియన్ తిత్తులు ఉంటాయి. ఈ తిత్తి ఏ డిప్‌కీ లొంగదు.

జోవా చాప (పాలిప్‌లన్నిటినీ కలిపి ఉంచే అడుగు పొర) కింద బ్లేడు అడ్డంగా, ప్లగ్‌కి ఆనించి నెమ్మదిగా తోయండి. చాప ఒక్క ముక్కగా లేచి వస్తే అదృష్టం. చిరిగినా పర్లేదు, కాడల మొదళ్ళు తెగకుండా చూసుకోండి. లేవకపోతే కట్టర్‌తో ప్లగ్ కాడని, అంచుల్ని విరిచేసి, పగడం కింద పలచటి బిళ్ళ మాత్రమే మిగిల్చి, దాన్ని టూత్‌బ్రష్‌తో ఉప్పునీళ్ళలోనే, నీటి అడుగునే తోమండి. కొత్త ప్లగ్ మీద సయనోఅక్రిలేట్ జెల్ శనగగింజంత పెట్టి అతికించాలి. నీళ్ళలా కారే సూపర్ గ్లూ వద్దు, పాలిప్‌ల మధ్యలోకి పాకి తెల్లగా గడ్డకడుతుంది. చాప అడుగుని టిష్యూ కాగితంతో అద్ది తడి తీయకపోతే జిగురు పట్టదు, పొద్దున చూస్తే ఫ్రాగ్ పంపు జాలీలో ఉంటుంది. మష్రూమ్‌లకి జిగురు అసలు అంటదు. చిన్న రాళ్ళు పరిచిన గిన్నెలో వేసి పైన దోమతెర కడితే వారం పది రోజుల్లో అవే రాయిని పట్టుకుంటాయి.

45 రోజులు

క్వారంటైన్ తొట్టికి 40 లీటర్లు చాలు. అడుగున ఇసుక వద్దు, రాలినవి కనిపించాలి. ట్యూబ్‌లైట్ల కింద బిగించే గళ్ళ ప్లాస్టిక్ పలక ఒక ముక్క కోసి ఫ్రాగ్ స్టాండు చేసుకోండి. పెద్ద ట్యాంకు కింద నీళ్ళు వడకట్టే సంప్‌లో నెల రోజులు నానిన స్పాంజ్ ఫిల్టర్, నీళ్ళు తిప్పే చిన్న పవర్‌హెడ్, ఒక మోస్తరు లైటు. వారానికి 20 శాతం నీళ్ళ మార్పిడి. చేపలు ఒక్కటి కూడా ఉండకూడదు. చేప లేకపోతేనే తెల్లమచ్చ పురుగు తిత్తిలోంచి బయటికొచ్చి తిండి దొరక్క చస్తుంది. 27 డిగ్రీల మీద ఆరు వారాలు మామూలుగా సరిపోతాయి, ట్యాంకులో ఖరీదైన చేపలైన టాంగ్‌లు ఉన్నవాళ్ళు 76 రోజులు ఆగినా తప్పు పట్టను.

చెన్నైలో ఈ చిన్న తొట్టికి హీటర్ దండగ. సమస్య వేడి, ఆవిరి. 40 లీటర్ల తొట్టి మీద ఫ్యాను పెడితే రోజుకి లీటరు దాకా ఆవిరవుతుంది, రెండు రోజులు ఆర్‌ఓ నీళ్ళు పోయడం మరిస్తే సాంద్రత 1.026 నుంచి 1.028కి ఎక్కుతుంది. గాలిలో తేమ ఎక్కువ ఉన్న రోజుల్లో ఫ్యాను రెండు డిగ్రీలు కూడా దించదు. మే నెలలో 31 దాటితే లెదర్లు వాలిపోతాయి, జోవాలు పొడుగ్గా సాగుతాయి. ఏసీ గదిలో పెట్టడం, లేదా ఎండాకాలంలో కొత్త పగడాలు కొనకపోవడం, ఈ రెండిట్లో రెండోది చవక. కొళాయిలో వచ్చే మెట్రో నీళ్ళు, బోరు నీళ్ళు ఏవీ నేరుగా వాడొద్దు.

డిప్ మొదటి రోజు, తర్వాత 5వ, 10వ, 15వ రోజుల్లో. అప్పటికి గుడ్లలో మిగిలినవి పొదిగి ఉంటాయి, పొదిగినవి మళ్ళీ గుడ్లు పెట్టే వయసుకి రాకముందే దొరుకుతాయి. పది రోజులకి ఒకసారి డిప్ చేస్తే ఈ లెక్క తప్పుతుంది, కొత్త తరానికి సమయం ఇచ్చినట్టవుతుంది. ప్రతిసారీ లూప్‌తో గుడ్ల కోసం చూడాలి. కొత్త చుట్ట దొరికిందంటే తల్లి ఇంకా అక్కడే ఉంది. ఆ రోజు నుంచి మళ్ళీ ఒకటో రోజు లెక్కపెట్టండి. మధ్యలో ఇంకో ఫ్రాగ్ తెచ్చి అదే తొట్టిలో వేసినా అంతే, ఇదే ఎక్కువమంది చేసే పొరపాటు. సిరంజి, పట్టకారు, జాలీ పెద్ద ట్యాంకువి వేరు, దీనివి వేరు. రంగు టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి.

వారానికి రెండుసార్లు లైట్లు ఆరిన రెండు గంటలకి ఎర్ర టార్చితో పది నిమిషాలు చూడాలి. పగలంతా శుభ్రంగా కనిపించిన ప్లగ్ మీద రాత్రి నత్త కొమ్ములాడిస్తూ నడుస్తుంటుంది. డిప్ చేసిన జోవాలు మూడు నుంచి ఐదు రోజులు మూసుకుని ఉండటం మామూలే. వారం దాటినా తెరవకపోతే, కాడల మీద చిన్న తెల్ల పొక్కులు కనిపిస్తే జోవా పాక్స్ అనే జబ్బు కావచ్చు. గోధుమ జెల్లీలా కరిగిపోతుంటే ఆ భాగాన్ని వెంటనే కోసేసి, మిగిలినదానికి అయోడిన్ డిప్ ఇవ్వండి. అమ్మోనియా కూడా అప్పుడే కొలవండి. చిన్న తొట్టిలో చచ్చిన ఒక్క ఫ్రాగ్ చాలు.

చివర మిగిలిన నీళ్ళు

డిప్ నీళ్ళు, సంచీ నీళ్ళు, పాత ప్లగ్‌లు, రాల్చిన పురుగులు ఇవన్నీ బీచికి తీసుకెళ్ళి సముద్రంలో "వదిలేయడం" పుణ్యం కాదు. మన్నారు సింధుశాఖలో కురుసడై దీవి దగ్గర పగడాల మీద కప్పాఫైకస్ అనే సాగు నాచు పాకిపోవడం 2008లో వెలుగులోకి వచ్చింది. తెచ్చి పెంచుకున్న మొక్క గట్టు దాటితే ఏమవుతుందో అది చూపించింది. పురుగులున్న నీళ్ళలో లీటరుకి 100 మి.లీ. లెక్కన ఇళ్ళల్లో వాడే హైపోక్లోరైట్ బ్లీచ్ కలిపి, అరగంట పైన ఉంచి, బాత్రూమ్ కాలువలో పోయండి. పాలీటాక్సిన్‌ని కూడా బ్లీచే నిర్వీర్యం చేస్తుంది, వెనిగర్ చేయదు. వెనిగర్‌ని, ఆసిడ్‌ని బ్లీచ్‌తో కలిపితే క్లోరిన్ వాయువు లేస్తుంది కాబట్టి ఒకే బకెట్లోకి రానివ్వకండి. పెరాక్సైడ్ డిప్ నీళ్ళకి బ్లీచ్ కలిపితే పొంగుతుంది, అందులో రాలిన పురుగుల్ని వడగట్టి, వాటిని మాత్రమే వేరే గిన్నెలో బ్లీచ్‌లో వేయండి. పాత ప్లగ్‌ల్ని మళ్ళీ వాడాలనిపిస్తే పగడపు తునకలు పూర్తిగా తీసేసి, బ్లీచ్‌లో ఒక రోజు నానబెట్టి, కడిగి, మేడ మీద ఎండలో వారం ఎండబెట్టండి. అంత తిప్పలెందుకనుకుంటే కొత్త ప్లగ్ ధర పగడం ధరలో లెక్కలోకే రాదు.